ప్రజారాజ్యమున నమ్మకము నిలుచు విధము



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము క్రొత్తది కాదు. మీ ఊళ్ల రచ్చబండలయొద్ద ప్రతిదినమును వినవచ్చునదియే. "అందఱును దొంగలే, ఓటు వేసినను వేయకున్నను ఒకటియే, పెట్టెలో ఏమి జరుగునో, కచేరీలో ఏమి వ్రాయుదురో ఎవరికి తెలియును?" అను మాట నేడు చదువుకొన్న వారి నోటను, చదువుకొనని వారి నోటను సమానముగా వినబడుచున్నది. ఈ మాట పలుకువారిలో కొందఱు నిజముగా అన్యాయమునకు గుఱియైనవారు. కొందఱు వినిన మాటనే మరల పలుకువారు. ఎవరు పలికినను దాని ఫల మొక్కటియే. అందఱును దొంగలే యని తీర్మానించుకొన్న ఊరిలో నిజమైన దొంగకు భయముండదు, మంచివానికి గౌరవముండదు.

రాజుల కాలమున ప్రజలు నమ్మినను నమ్మకున్నను రాజ్యము కత్తిబలిమిచే కొంతకాలము సాగెడిది. ప్రజారాజ్యమునకు అట్టి ఆధారము లేదు. ఓడినవాడు "ఓడితిని" అని ఒప్పుకొని ఇంటికి పోవుట, గెలిచినవాడు "అయిదేండ్లకు మరల వీరి యెదుటికే రావలయును గదా" అని జడియుట, ఈ రెండింటి మీదనే ఆ కట్టడమంతయు నిలిచియున్నది. ఆ రెండును నమ్మకమునుండి పుట్టినవే. ఆ నమ్మకము సడలినపుడు దానిని మరల నెలకొల్పుట యెట్లు? ఇదియే మన యెదుటనున్న ప్రశ్న.

"మమ్ము నమ్ముడు" అని ప్రభుత్వము చాటింపు వేయించినంతమాత్రమున నమ్మకము రాదు. మన ఊరి దేవాలయమున హుండీ తెఱచుట మీరందఱును చూచియుందురు. ముద్రలు సరిగా నున్నవో లేవో నలుగురు పెద్దలు చూతురు. పిమ్మట తాళము తీయుదురు. నాణెములను, నోట్లను అందఱి యెదుట చాపలమీద పోసి లెక్కింతురు. మొత్తము వ్రాసి సంతకములు చేయుదురు. ఇట్లు చేయుటచే పూజారిని అవమానించితిమని ఎవరును తలపరు. దేవుని నమ్మనివారమైతిమని అసలే తలపరు. అందఱి యెదుట లెక్కించుటచేతనే పూజారి నిందనుండి రక్షింపబడుచున్నాడు. సందేహమునకు చోటిచ్చినపుడే నమ్మకము పుట్టును. సందేహించుటయే నేరమన్నచోట నమ్మకము చచ్చును. నేను నేడు చెప్పదలచిన సారమిది.

ఇది మన పూర్వు లెఱుగని సంగతి కాదు. కాంచీపురమునకు దగ్గఱ ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. అచ్చటి దేవాలయపు గోడలమీద మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములు, సుమారు క్రీ.శ. 920 నాటివి, చెక్కబడియున్నవి. గ్రామసభకు లోబడి పనిచేయు సంఘములకు సభ్యులను ఏర్పఱచు పద్ధతి వానిలో వివరింపబడినది. అర్హులైనవారి పేర్లను ఆకులపై వ్రాసి కుండలో వేయుదురు. సభ యంతయు కూడియుండగా ఆ కుండను అందఱికిని కనబడునట్లు ఎత్తిపట్టుదురు. లోపల నున్నదేమో యెఱుగని బాలునిచేత ఒక ఆకును తీయింతురు. దానిని అందుకొను పెద్దమనిషి అయిదు వ్రేళ్లను చాచిన అఱచేతితో అందుకొనవలయును. పిడికిలి ముడిచినచో ఆకును మార్చెనేమో యను అనుమానమునకు తావు కలుగును గదా! అంతకంటెను ముఖ్యమైన నియమము మఱియొకటి కలదు. పూర్వము అట్టి సంఘమున పనిచేసి లెక్క అప్పగింపనివాడును, వాని దగ్గఱి బంధువులును మరల ఆ పదవికి అర్హులు కారు.

ఆ సభ నేటి ప్రజారాజ్యమువంటిది కాదు. భూమియు, శాస్త్రవిద్యయు కలిగిన కొలదిమందికే అందు చోటు. స్త్రీలకును, తక్కిన కులములవారికిని ప్రవేశము లేదు. ఆ కొఱతను మఱుగుపఱచి పొగడుట తగదు. కాని చాచిన అఱచేతి నియమమును మాత్రము మనము గ్రహింపదగినది. అధికారము గలవాడు తన చేతిని తానే తెఱచి చూపవలయును. చూపుమని అడుగువానిని కోపింపరాదు.

ఈ నియమమునే అందఱికిని ఓటు గల రాజ్యమున ఎట్లు నెఱవేర్చిరో చూతము. స్వతంత్ర భారతమున మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు 25వ తేదీన మొదలై 1952 ఫిబ్రవరి వఱకు జరిగినవి. ఓటర్లు 17 కోట్లకు పైబడిరి. 1951 జనాభా లెక్కల ప్రకారము చదువను వ్రాయను వచ్చినవారు నూటికి 18 మంది మాత్రమే. ఇంత నిరక్షరాస్యత గల దేశమున ఓటు సాగునా యని పెదవి విఱిచినవారు చాలమంది. మొదటి ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ గారు అందులకు తగిన ఏర్పాటు చేసిరి. ప్రతి అభ్యర్థికిని ఒక గుర్తు. ఒక్కొక్క గుర్తునకు వేఱువేఱుగా ఒక్కొక్క పెట్టె. ఓటరు తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో కాగితము వేసిన చాలును. ఒకడే రెండు మారులు ఓటు వేయకుండ వ్రేలిపై తుడిచినను పోని సిరా పెట్టిరి.

ఆ ఎన్నికలకు ముందు ఓటర్ల జాబితాలు వ్రాయునపుడు ఒక చిక్కు వచ్చినది. ఉత్తరదేశమున పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్య, ఫలానివాని తల్లి అని మాత్రమే వ్రాయించుకొనిరి. పేరు లేని మనిషిని జాబితాలో నుంచినచో ఆ చోటున ఎవరైనను వచ్చి ఓటు వేయవచ్చును. కావున సుమారు 28 లక్షలమంది స్త్రీల నమోదులు తొలగింపబడినవి. ఆ కాఠిన్యమునకు వారు ఆ మారు తమ ఓటునే కోల్పోయిరి. అది చిన్న నష్టము కాదు. జాబితాలో దొంగపేరు చేరినను నమ్మకము చెడును. నిజమైన పేరు పోయినను నమ్మకము చెడును. ఈ రెండింటి నడుమ నడచుట నాడును కష్టమే, నేడును కష్టమే.

వేఱువేఱు పెట్టెల పద్ధతిలోను దోషములు లేకపోలేదు. ఓటు కాగితమును పెట్టెలో వేయక బయటికి తెచ్చి అమ్ముకొనవచ్చునను ఆక్షేపణ వచ్చినది. ఆక్షేపించినవారిని దేశద్రోహులనలేదు, పద్ధతినే మార్చిరి. 1962 సాధారణ ఎన్నికలనాటికి అందఱి గుర్తులును ఒకే కాగితమున నుండి, దానిపై ముద్ర వేయు పద్ధతి అమలులోనికి వచ్చినది.

నేను ఉపాధ్యాయవృత్తిలో నుండగా పలుమారులు ఎన్నికల విధులలో పనిచేసితిని. కాగితపు ఓట్ల కాలమున, పోలింగు మొదలుపెట్టుటకు ముందు ఖాళీ పెట్టెను అన్ని పక్షముల ఏజెంట్లకును చూపి, పిమ్మట దానికి ముద్ర వేయవలసియుండెను. ఒక పల్లెలో ఒక వృద్ధ ఏజెంటు చూచుటతో తనివినొందక పెట్టెలో చేయిపెట్టి నాలుగు మూలలను తడిమెను. నాతోడి ఉద్యోగి ఒకడు "మామీద నమ్మకము లేదా, తాతా?" అని నవ్వుచు నడిగెను. అందుల కాయన, "నమ్మకము లేక కాదు నాయనా! రేపు మావాండ్లడిగితే నా చేత్తో చూచినానని చెప్పవద్దా?" అనెను. ఆ నియోజకవర్గమున ఆయన పక్షము ఓడినదని పిమ్మట వింటిని. ఆ పల్లెలో అలజడి యేమియు కలుగలేదు. తడిమి చూచిన ఆ చేయియే ఓటమినాడు ఊరిని శాంతింపజేసినదని నా నమ్మకము.

యంత్రములు వచ్చిన పిమ్మట ఈ విషయమే మఱింత కఠినమైనది. పెట్టె లోపలిని తడిమి చూడవచ్చును. యంత్రము లోపలిని తడిమి చూచుట యెట్లు? 1982లో కేరళమందలి పరవూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో మొదటిసారిగా ఓటింగు యంత్రములను వాడిరి. చట్టమున అందులకు ఆధారము లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రములందు మరల కాగితముతో ఓటు జరిపింపవలసినదని తీర్పు చెప్పెను. పిమ్మట పార్లమెంటు చట్టమును సవరించినది. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటను యంత్రములే వాడబడినవి.

ఈ ప్రశ్న మన దేశమునకే పరిమితమైనది కాదు. జర్మనీ దేశమున 2005లో కొన్నిచోట్ల యంత్రములతో ఓటు జరిగినది. ఒక తండ్రియు కుమారుడును వేసిన వ్యాజ్యమును విచారించి, ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 2009 మార్చి 3వ తేదీన ఒక తీర్పు చెప్పినది. ఓటు లెక్కింపబడు విధమును ప్రత్యేక సాంకేతికవిద్య లేని సామాన్య పౌరుడు తానుగా పరిశీలించి తెలిసికొనగలిగి యుండవలెననియు, నాడు వాడిన యంత్రము లందులకు వీలీయలేదనియు ఆ తీర్పు సారాంశము. యంత్రములు మోసము చేసినట్లు రుజువు లేదు గనుక ఎన్నికను రద్దు చేయలేదు. మోసము జరుగకుండుట యొక్కటియే చాలదు. జరుగలేదని సామాన్యునికి తెలియుటయు కావలయును.

మన దేశమున వేఱొక త్రోవ తొక్కిరి. యంత్రమును విడువక దాని ప్రక్కన కాగితమును చేర్చిరి. దీనిని వి.వి.ప్యాట్ అందురు. 2013లో సుప్రీంకోర్టు ఈ కాగితపు జాడ అవసరమని చెప్పినది. ఓటు వేసిన వెంటనే గుర్తు ముద్రింపబడిన చీటి అద్దము వెనుక 7 సెకండ్లు కనబడి పెట్టెలో పడును. 2019లో ప్రతి శాసనసభా విభాగమున ఒక్క కేంద్రమునకు బదులు అయిదు కేంద్రముల చీటీలను యంత్రపు లెక్కతో సరిచూడవలెనని ఆ న్యాయస్థానమే ఆదేశించెను. 2024 ఏప్రిల్ 26వ తేదీన, చీటీల నన్నింటిని లెక్కింపవలెనను కోరికను అది త్రోసిపుచ్చినది. కాని రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు రుసుము చెల్లించి కొన్ని యంత్రములను నిపుణులచే పరీక్షింపజేసికొనుటకు వీలు కల్పించినది. ఆ తీర్పుతో తృప్తి చెందినవారును కలరు, చెందనివారును కలరు. ఇంత కాలమును సందేహము వీధిలో రాయి విసరక న్యాయస్థానమున వాదమై నిలిచెను. అడిగిన ప్రతి మారును చేయి కొంత కొంత తెఱచుకొనెను. ప్రజారాజ్యమునకు బలమిదియే.

ఇట్టి బలమునకు కఠినపరీక్ష ఒకటి 1975లో వచ్చినది. ఆ యేట జూన్ 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులు చెఱసాలల పాలైరి; పత్రికలు అధికారులు చూచి సరేనన్నదానినే అచ్చువేయవలసివచ్చెను. కంచెయే చేను మేసినట్లయ్యెను. 1977 మార్చిలో ఎన్నికలు జరిగినపుడు ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి గారు తమ సొంత నియోజకవర్గమైన రాయబరేలీలోనే ఓడి, ఫలితమును అంగీకరించి పదవి విడిచిరి. ఉత్తరదేశమున వారి పార్టీ తుడిచిపెట్టుకొనిపోగా, మన ఆంధ్రప్రదేశమున 42 స్థానములలో 41 ఆ పార్టీకే దక్కినవి. ఉత్తరము వారి తీర్పొకటి, మన తీర్పొకటి. రెండును ఓటుపెట్టెలనుండియే వచ్చినవి, రెండును మన్నింపబడినవి.

గెలిచినవారు అంతటితో ఊరకుండలేదు. కంచె ఎచ్చట తెగినదో అచ్చట కట్టవలెనని, 1978లో రాజ్యాంగమునకు 44వ సవరణ చేసిరి. "అంతరంగిక కల్లోలము" అను వదులైన మాట తీసి "సాయుధ తిరుగుబాటు" అని వ్రాసిరి. మంత్రివర్గము లిఖితపూర్వకముగా తెలుపనిదే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటింపరాదనిరి. ఒక మాసములో పార్లమెంటు ఆమోదింపవలెననిరి. ప్రాణమునకు, వ్యక్తిస్వేచ్ఛకు సంబంధించిన రక్షణను అట్టి కాలమునను కోర్టుద్వారా కోరుకొనుహక్కు తీసివేయరాదనిరి. నమ్మకము చెడిన తావును గుర్తించి చట్టముతో బాగుచేయుట యనగా నిది.

ఓటు అయిదేండ్ల కొకమారు వచ్చును. నడుమనుండు దినములలో నమ్మకమును నిలుపున దేది? లెక్క. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున రాజధనము నపహరించు విధములు నలువదియని లెక్కించెను. దొంగిలించు విధము లన్నియున్నపుడు, పట్టుకొను కన్నులు కచేరీలో మాత్రమే యుండిన చాలునా? రాజస్థానమున కూలిజనము ఈ ప్రశ్ననే అడిగిరి. 1994 డిసెంబరులో పాలి జిల్లాలోని కోట్ కిరానా గ్రామమున ఒక బహిరంగ సభ జరిపి, పనుల మస్టర్లను, బిల్లులను ఊరివారి యెదుట బిగ్గరగా చదివించిరి. కాగితమున నున్న మాటను, తాము కన్నులార చూచినదానిని ఊరివారే సరిపోల్చుకొనిరి. అట్టి ఉద్యమముల ఫలముగా 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. అర్జీ పెట్టిన 30 దినములలో జవాబీయవలెనని అది ఉద్యోగిని కట్టడి చేయుచున్నది.

మన తెలుగునాట ఈ విత్తు చక్కగా మొలకెత్తినది. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. ఆ యేటినుండియే మన రాష్ట్రమున "సామాజిక తనిఖీ" మొదలయ్యెను. కూలీల కుటుంబములకు చెందిన యువకులు, యువతులు శిక్షణ పొంది, మస్టర్లు చేతబట్టి ఇంటింటికిని పోయి, "నీవు ఇన్ని దినములు పని చేసితివా? ఇంత కూలి ముట్టినదా?" అని అడిగిరి. పిమ్మట మండల కేంద్రమున అధికారుల యెదుట, ప్రజల యెదుట ఆ సంగతులను చదివిరి. చనిపోయినవారి పేర కూలి వ్రాసిన సందర్భములు అట్లు బయటబడినవి. కలంపట్టిన ఉద్యోగి మొగమునకు ఎదురుగా నిలిచి కూలిమనిషి తన లెక్క తాను చెప్పుట, అంతకుముందు మన పల్లెలెఱుగని దృశ్యము.

ఐనను ఒక చేదుసత్యమును చెప్పక తప్పదు. అట్లు తేలిన సొమ్ములో తిరిగి రాబట్టినది కొంత భాగము మాత్రమే. తప్పు తేలిన పిమ్మట శిక్ష లేకున్నచో, "చూచితిరా, ఏమియు కాలేదు" అని జనము మునుపటికంటె ఎక్కువగా నిరాశపడును. హుండీ తెఱచి, సొమ్ము తక్కువయైనదని తేల్చి, మరల మూత వేసి ఇంటికి పోయినట్లగును. కావున పాలించువారికి రెండు విధులు: చూపుట ఒకటి, చక్కదిద్దుట మఱియొకటి. రెండవది లేని మొదటిది నమ్మకమును పెంపదు.

ఇంతవఱకు పాలించువారి విధిని చెప్పితిని. ఇక మన విధి. సందేహములలో రెండు జాతులు కలవు. ఒకటి జవాబు కోరునది. రెండవది జవాబు కోరనిది. నేడు ప్రతి చేతిలోను సెల్‌ఫోను కలదు. ఎవరు వ్రాసిరో తెలియని వార్త నిమిషములో ఊరంతయు ప్రాకును. "నిప్పు లేనిదే పొగ రాదు" అని దానిని సమర్థించువారును కలరు. కాని పొగను చేతితోనే తయారుచేయు కాలమిది. అట్టి వార్తను తెచ్చినవానిని పెద్దలైన మీరు ఒక్క ప్రశ్న అడుగుడు: "నాయనా, ఏ ఋజువు చూపినచో నీ సందేహము తీరును?" వాడు ఫలానా లెక్క, ఫలానా కాగితము అని చెప్పినచో, ఆ కాగితమును తెప్పించుటకు వానికి తోడు నిలువుడు. ఏది చూపినను నమ్మననునేని, అది సందేహము కాదు, వైరము. తన పక్షము గెలిచినపుడు ఎన్నిక మంచిది, ఓడినపుడు ఎన్నిక దొంగది యనువాడును ఈ రెండవ జాతివాడే.

పెద్దలారా! మీరు చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, ఓటర్ల జాబితా ముసాయిదా ప్రకటింపబడినపుడు దానిని రచ్చబండయొద్ద చదివింపుడు. చనిపోయినవారి పేర్లున్నచో తొలగింపుమని, బ్రదికియున్నవారి పేర్లు పోయినచో చేర్పుమని గడువులోపల అర్జీ పెట్టింపుడు. పోలింగు ముగిసిన పిమ్మట మొఱపెట్టుట పంట పోయిన పిమ్మట కంచె వేయుటవంటిది.

రెండవది, పోలింగు నాడు ఏజెంట్లుగా బాధ్యత తెలిసినవారిని పంపుడు. నేటి పద్ధతిలో పోలింగునకు ముందు యంత్రమున కనీసము 50 మాదిరి ఓట్లు వేసి, లెక్క సరిపోయినదని ఏజెంట్లకు చూపి, వానిని తుడిచివేసిన పిమ్మటనే అసలు ఓటు మొదలుపెట్టుదురు. ఏజెంటు వేళకు పోనిచో ఆ సాక్ష్యము మీ ఊరికి దక్కదు. సాయంకాలము ఎన్ని ఓట్లు పోలైనవో వ్రాసిన 17-సి అను ఫారపు నకలు ఏజెంటుకు ఇత్తురు. దానిని జేబులో మడిచి మఱచిపోక, లెక్కింపు నాటి అంకెతో సరిచూడవలయును. సరిపోయినచో, ఓడిన పక్షమువారే ఆ మాట ఊరిలో చెప్పవలయును. గెలిచినవాడు "ఎన్నిక న్యాయముగా జరిగినది" అనుటలో విశేషము లేదు. ఓడినవాడు ఆ మాట చెప్పినపుడే దానికి విలువ.

మూడవది, గ్రామసభ. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. కాని సభకు రాక, ఇంటికి తెచ్చిన పుస్తకమున సంతకము చేసి పంపు పెద్దలు ఎన్ని ఊళ్ల లేరు? చూడక చేసిన సంతకము ముడిచిన పిడికిలివంటిది. సభకు పోయి, "ఈ రోడ్డునకు ఎంత మంజూరైనది? ఎంత ఖర్చైనది? బిల్లు చదువుడు" అని అడుగుడు. కోపముతో కాక, మర్యాదతో అడుగుడు. సర్పంచి మీ పక్షమువాడైనను అడుగుడు. మీ బంధువైనచో మఱింత ముందుగా అడుగుడు. జవాబు సరియైనచో అందఱి యెదుటను మెచ్చుకొనుడు. నిజాయితీగా లెక్క చూపినవానికి ఆ మెప్పైనను దక్కనిచో, మఱియొకడు లెక్క చూపుటకేల ముందుకు వచ్చును?

నమ్మకము ఒకనాటిలో కట్టు మేడ కాదు. అది చెఱువుకట్టవంటిది. ఏటేట మట్టి వేయవలయును. ఎలుకబొక్క కనబడిననాడే పూడ్చవలయును. కట్టమీద నడచి బొక్క ఎచ్చటనున్నదో చూపువాడు చెఱువునకు శత్రువు కాడు. చూచియు నాకేలయని పోవువాడును, లేని బొక్కను ఉన్నదని కేకలువేసి ఊరిని పరుగెత్తించువాడును, ఇరువురును ఊరికి చేటు తెత్తురు. ఈ యిరువురి నడుమ నిలిచి, చూచినది చూచినట్లు చెప్పు సాక్షులు ప్రతి గ్రామమునను పదిమంది యున్న చాలును.